గడ్డపార దించాక

మా వెంచర్‌లో పోయిన ఎన్నికలప్పటి ఫ్లెక్సీ ఒకటి చాన్నాళ్ళు నేలమీద పడి ఉండేది. నాయకుడి ముఖం మట్టిలోకి, తెల్లటి వెనకవైపు ఆకాశంలోకి. గాలికి లేవకుండా ఎవరో దానిమీద రెండు హద్దురాళ్ళు పడుకోబెట్టారు. దాని పక్క ప్లాటాయన ఎండాకాలంలో జేసీబీ పిలిపించి, జానెడు లోతు చెక్కించి, నేలను నున్నగా చేయించుకున్నాడు. పొద్దున నడకకు వెళ్ళినప్పుడల్లా నా చూపు ఈ రెండింటి మీదా పడేది. మృగశిర వానలు మొదలయ్యేసరికి జేసీబీ గీకిన చోట గరిక మళ్ళీ పాకింది, అదీ మునుపటికంటే ఒత్తుగా. ఫ్లెక్సీని ఎవరో బర్రెల కొట్టం మీద కప్పుకోవడానికి పట్టుకుపోయారు. అది లేచిన చోట చూస్తే గడ్డి లేదు. పాలిపోయిన వేళ్ళు, చీమల దారులు, చల్లటి తడి. బొటనవేలు నొక్కితే లోపలికి దిగింది. అంత డీజిల్ పోసినా కాని పనిని ఓ పాత గుడ్డ ఊరికే పడుకుని చేసింది. ఇందులో ఆశ్చర్యపోవడానికేముంది, వెలుతురు తగలకపోతే గడ్డి చస్తుందని చిన్నపిల్లలకైనా తెలుసు కదా అనుకున్నాను. తెలుసు. అన్నీ తెలిసిన మనం గడ్డి కనపడగానే గడ్డపార కోసం ఎందుకు వెతుక్కుంటామో, అదే అర్థం కాలేదు.

నా ప్లాటు నిజామాబాదు నుంచి బోధన్ పోయే రోడ్డుకు కాస్త లోపలగా ఉంటుంది. రెండు వందల గజాలు. ఇల్లు కట్టే ఓపిక ఇప్పట్లో లేదు, కూరగాయలు పెంచాలన్న కోరిక మాత్రం ఉంది. ప్లాటు నిండా ఉన్న గడ్డి చూడ్డానికి అడవి గడ్డిలా ఉంటుంది గాని ఇది అడవి గడ్డి కాదు. ఈ నేలకు పెద్ద చరిత్రే ఉంది. మంజీర మీద నిజాంసాగర్ 1931లో పూర్తయింది. కాలువ నీళ్ళు వచ్చాక చెరకు వచ్చింది, చెరకు వచ్చాక 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ వచ్చింది. ఆసియాలోనే పెద్దదని ఊరంతా చెప్పుకునేది. క్రషింగ్ కాలంలో ఆ దారిన బస్సులో పోతుంటే ఫ్యాక్టరీ కనపడకముందే మడ్డి వాసన కిటికీలోంచి లోపలికొచ్చి కూర్చునేది, తియ్యగా, కొంచెం పుల్లగా. కొందరు ముక్కు మూసుకునేవారు, నేను మాత్రం లోపలికి పీల్చుకునేవాణ్ణి. 2015 డిసెంబరులో లే ఆఫ్ ప్రకటించారు. ఆ తరవాత చెరకు చాలామటుకు వరికి చోటిచ్చింది, రోడ్డు పక్కన ఉన్నది హద్దురాళ్ళకిచ్చింది. రాళ్ళు పాతి, అమ్మి, వెళ్ళిపోయాక నేలకు ఏమీ తోచదు కాబోలు, చేతికందినదాన్ని మొలిపించుకుంటుంది: గరిక, తుంగ, వయ్యారిభామ, అక్కడక్కడ గునుగు. బతుకమ్మ పండక్కి పిల్లలు ఆ గునుగు కోసుకోవడానికి మా వెంచర్‌కే వస్తారు. ఆ పూట ఎవరూ దాన్ని కలుపు అనరు.

చెరకు పోయి గడ్డి వచ్చిందని అనుకుంటాం గాని, చెరకు మాత్రం గడ్డి కాదా? మంజీర ఒడ్డున దసరా ముందు తెల్లగా పూసే రెల్లు చెరకుకు దగ్గరి చుట్టం. కోయంబత్తూరులో 1912లో చెరకు పరిశోధన కేంద్రం పెట్టాక, బార్బర్, వెంకటరామన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లావుపాటి తియ్యటి చెరకును ఈ రెల్లుతో సంకరం చేశారు. అలా పుట్టిన కో 205 రకం 1918లో రైతుల పొలాల్లోకి వెళ్ళింది. తీపి ఒకరిది, మొండితనం ఒకరిది. ఎండకు, నీటి ఎద్దడికి, తెగుళ్ళకు తట్టుకునే గుణం చెరకుకు అబ్బింది ఆ పనికిమాలిన గడ్డి నుంచే. అంటే ఈ ప్రాంతం కొన్ని దశాబ్దాలు బతికింది ఒక గడ్డి మీద, ఆ గడ్డిలో మరో గడ్డి నెత్తురు ఉంది. ఇంత తెలిశాక కూడా గరికను చూస్తే నాకు చిరాకే వస్తుంది. వినాయకచవితి నాడు రెండు పోచలు దేవుడి ముందు పెడతాం, గ్రహణమప్పుడు పచ్చడి జాడీ మీద వేస్తాం, మిగతా రోజుల్లో గడ్డపారతో పొడుస్తాం.

పొడవడం వల్ల ఏమవుతుందో గరికకు బాగా తెలుసు. దాని కాండం నేలమీద ఒకటి పాకుతుంది, నేల లోపల మరొకటి. ప్రతి కణుపూ ఓ మొక్క కాగలదు. పారతో నరికితే చావదు, వాటాలు పంచుకున్న అన్నదమ్ముల్లా ఎవరి కుంపటి వాళ్ళు పెట్టుకుంటుంది. తుంగ ఇంకా గడుసుది. అడుగున గొలుసుకట్టుగా గడ్డలుంటాయి, మందులకు వాడే తుంగముస్తలు అవే. పైన మొలిచిన గడ్డ ఉన్నంతకాలం కింది గడ్డలు చాలామటుకు నిద్రలో ఉంటాయి. గొలుసు తెగితే లేస్తాయి. ఇక వయ్యారిభామ గింజలు మట్టిలో పడి ఉండి, మనం తిరగేసి వెలుగు చూపిస్తామా అని ఎదురుచూస్తుంటాయి. జేసీబీ వెళ్ళిన చోట మళ్ళీ ఒత్తుగా మొలిచిందంటే మరి మొలవదా? అది నేలను శుభ్రం చేయలేదు, విత్తింది.

అయినా నేలను తవ్వకపోతే మనసొప్పదు. తవ్వొద్దనడం బద్ధకస్తుడి మాటలా వినిపిస్తుంది, నాకే వినిపిస్తుంది. ఇక్కడి మనుషుల గౌరవమంతా నేలను విరవడంలో ఉంది. నిజాంసాగర్ నీళ్ళొచ్చాక కృష్ణా, గుంటూరు, గోదావరి జిల్లాల నుంచి వలస వచ్చినవాళ్ళు వర్ని, కోటగిరి, బోధన్ చుట్టుపక్కల క్యాంపులు కట్టుకున్నారు. చెట్లు కొట్టి, మొద్దులు పెకిలించి, పాములతో మలేరియాతో పోరాడి మడి కట్టామని వాళ్ళ మనవలు ఇప్పటికీ చెబుతారు. ఇక్కడి ఊళ్ళవాళ్ళకు వాళ్ళ కథ ఉంది: కాలువ కట్టలు పోసినప్పుడు తట్టలు మోసింది మా తాతలు అని. రెండు కథల్లోనూ చెమటే సాక్ష్యం. ఏరువాక పున్నమికి నాగలికి పసుపూ కుంకుమా పెడతాం గాని, కప్పిన ఆకుకూ కుళ్ళిన పెంటకూ ఎవరూ పెట్టరు. నేలను తిరగేసినవాడిదే నేల అన్న నమ్మకం ఎక్కడో లోపల ఉంది. పట్టా కాగితం మీద నా పేరున్నా, ఒక్కసారైనా గడ్డపార దించకపోతే ఈ రెండు వందల గజాలూ నావి కావేమో అనిపించింది.

కాని క్యాంపులవాళ్ళ పూర్వులకే ఇంకో విద్య కూడా తెలుసు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో వరి కోతకు నాలుగు రోజుల ముందు, నిలబడి ఉన్న పైరులోనే మినుమో పెసరో చల్లేస్తారు. దున్నరు. పదునులో గింజ మొలుస్తుంది, వరి కోసేసరికి కొయ్యకాళ్ళ మధ్య రెండాకులు కనబడతాయి, మంచు తాగి, మిగిలిన తేమతో కాపుకొస్తుంది. దీనికి ఎవరూ సిద్ధాంతం రాయలేదు, పతకం ఇవ్వలేదు. చెరకులోనూ అంతే. మొదటేడు దున్ని ముక్క నాటినా, నరికాక ఆ మొదళ్ళ నుంచే పిలకలు లేపి కార్శి తోట చేస్తారు. రెండో పంటకు నాగలి లేదు. అంటే దున్నని సేద్యం మనకు కొత్తదేమీ కాదు, మనం దాన్ని సేద్యం అని పిలవకుండా లాభం అని పిలుచుకున్నాం, అంతే.

నిజాంసాగర్ నీళ్ళు ఇక్కడ కొత్త పొలాల్లోకి పారుతున్న ఆ దశకంలోనే అమెరికా నడిమధ్య మైదానాల్లో మరో కథ జరిగింది. తరతరాల గడ్డిభూమిని ట్రాక్టర్లతో తిరగేసి గోధుమ వేశారు. 1930లలో కరువొచ్చింది, పట్టి ఉంచే వేరు లేక మట్టి లేచి ఆకాశం నల్లబడింది, కుటుంబాలకు కుటుంబాలు ఊళ్ళు వదిలాయి. ఆ దుమ్ము అణిగాక, 1943లో, ఎడ్వర్డ్ ఫాక్నర్ అనే ఆయన నాగలినే తప్పుబడుతూ పుస్తకం రాశాడు. బోధన్ ఎందుకు అలా ఎగిరిపోలేదు? కాలువ ఉంది, సరే. ఇంకొకటి కూడా ఉందనుకుంటాను. మా వైపు చాలా చోట్ల నల్లరేగడి. ఎండాకాలంలో కాలు పట్టేంత నెర్రెలిస్తుంది, పైమట్టి పొడి ఆ నెర్రెల్లోకి జారుతుంది, వానపడగానే ఉబ్బి మూసుకుంటుంది, అడుగుది మీదికి నెట్టుకొస్తుంది. ఏటా తనను తాను దున్నుకునే నేల ఇది. దీని మీద నిలబడి గడ్డపార పట్టుకున్నప్పుడు నాకు కొంచెం నవ్వొచ్చింది, దాని పనిలో నేను వేలుపెడుతున్నానేమో అని.

సరే, తవ్వకుండానే చూద్దామనుకున్నాను. చేసినది చెప్పడానికి చాలా చిన్నది. గడ్డిని కొడవలితో మొదలంటా కోసి, కోసింది అక్కడే పడేయడం. బాగా తడిసేదాకా ఆగడం. నిజామాబాదు బజారులో ఫ్రిజ్జులూ కూలర్లూ వచ్చిన అట్టపెట్టెల టేపు పీకి, విప్పి, రెండు పొరలుగా పరచడం. ఒక అట్ట అంచు మీద ఇంకో అట్ట జానెడైనా ఎక్కాలి, లేకపోతే ఆ సందే గరికకు సింహద్వారం. దానిమీద బాగా మగ్గిన పశువుల పెంట బెత్తెడు. మగ్గనిదైతే అందులోనే కొత్త గడ్డి గింజలు వస్తాయి, అప్పుడు అడుగున చంపి పైన పోసినట్టవుతుంది. అన్నిటికంటే పైన చెరకు ఆకు. చెరకు నరికాక ఆకు చెత్తను తోటల్లో ఇప్పటికీ చాలామంది తగలబెడతారు. రాత్రి ఎడపల్లి వైపు పోతే ఆ మంట ఎర్రగా కనపడుతుంది. కాల్చొద్దు, ఎకరానికి టన్నుంపావు దాకా సాళ్ళ మధ్య పరవండి, తేమ నిలుస్తుంది, కలుపు ఆగుతుంది అని వ్యవసాయ శాస్త్రవేత్తలు ఏళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఒక రైతును అడిగితే ట్రాలీ నింపుకుని పొమ్మన్నాడు, అగ్గిపుల్ల మిగిలింది అని. చెరకు ఆకు మొరటుది, తొందరగా కుళ్ళదు. మట్టిలో కలిపేస్తే దాన్ని జీర్ణం చేసుకోవడానికి నేల తన నత్రజనినే ఖర్చుపెట్టుకుంటుంది, మొక్కలు పసుపుపచ్చబడతాయి. పైన పడుకోబెడితే ఏ గొడవా లేదు.

చెప్పడానికి చిన్నదన్నాను గాని మోయడానికి కాదు. తవ్వకపోతే నడుము మిగులుతుందని పుస్తకాల్లో రాస్తారు. ఎవరి నడుము? పెంట గేటు దగ్గర దించితే అక్కడి నుంచి గంపలతో లోపలికి రావాలి. పక్క ఊరి నుంచి కూలికి వచ్చే ఆమె ఒకామె ఉంది, నాకంటే కొద్దిగా పెద్ద. అట్టలు పరుస్తుంటే నడుం మీద చెయ్యి పెట్టుకుని చాలాసేపు చూసింది. "గడ్డి మీద అట్టలు పరుసుడేంది సారూ, పెండ్లి బంతికా?" అంది. గడ్డిని చంపడానికక్కా అన్నాను. "తవ్వకుంటె ఎట్ల పండుతది? ఎవలన్న జూస్తె నవ్వుతరు." నవ్వనీ అన్నాను. కూలి మాట దగ్గర మాత్రం ఆమె నవ్వలేదు. తవ్వే పని కాదు కదా, మోసే పనే కదా అని నేను కొంచెం నసిగాను. "గడ్డపార వట్టినా గంప లేపినా నడుము నాదే గద" అంది. తవ్వే కూలే ఇచ్చాను. ఆ రాత్రి ఫుకుఓకా పుస్తకం తీశాను, చదవాలనో, ఆమె మాటకు జవాబు దొరుకుతుందనో.

జపాన్‌లో షికోకు దీవి రైతు మసనోబు ఫుకుఓకా పుస్తకం 1975లో వచ్చింది. మన దగ్గర 'గడ్డిపరకతో విప్లవం' పేరుతో చాలామంది చదివారు. దున్నొద్దు, ఎరువు వేయొద్దు, కలుపు తీయొద్దు, మందు కొట్టొద్దు. వింటుంటే సన్యాసిలా ఉంటుంది. కాని నాకు ఆ పుస్తకంలో నచ్చింది ఈ నాలుగు మాటలూ కాదు, వాటికి ముందు జరిగింది. తండ్రి నారింజ తోటను కత్తిరింపులు మానేసి ప్రకృతికే వదిలేస్తే కొమ్మలు చిక్కుపడి, పురుగు పట్టి, చెట్లు ఎండిపోయాయట. వదిలేయడం వేరు, ఏమీ చేయకపోవడం వేరు అని ఆయన అక్కడ నేర్చుకున్నాడు. మా వెంచర్‌లో మిగతా ప్లాట్లు చాలామటుకు వదిలేసినవే కదా, అక్కడ పండింది వయ్యారిభామే. కూలి మాటకు మాత్రం ఆయన దగ్గరా జవాబు లేదు. 

డార్విన్ కూడా చివరి రోజుల్లో, 1881లో, వానపాముల మీద ఓ పుస్తకం రాశాడు. ఇంగ్లండులో చాలాచోట్ల ఎకరానికి ఏటా పది టన్నులకు మించి మట్టి వాటి కడుపులోంచి పైకి వస్తుందని లెక్కకట్టాడు. నాగలి పుట్టకముందే నేలను దున్నింది ఇవేనన్నాడు. చదివినప్పుడు బాగుంటుంది. కాని ఇంగ్లండు తడి వేరు, నిజామాబాదు మే నెల వేరు. ఇక్కడ నలభై అయిదు డిగ్రీలు కొడుతున్నప్పుడు ఎర్రలు లోతుకు దిగి చుట్టచుట్టుకుంటాయి. అప్పుడు ఆకును లోపలికి మోసేది ఎవరు? చెదలు. అట్టలూ చెరకు ఆకూ చూసి అవి పండగ చేసుకున్నాయి. పక్కింటాయన గోడ దూకివచ్చి మరీ చెప్పాడు, నీ కంపకు చెదలు పట్టి నా తలుపులు తింటాయని. ఆ భయం ఉత్తిదని చెప్పలేను. ఎండిన చెత్త గోడకు ఆనుకుని ఉంటే అవి ఎటైనా పాకుతాయి. గోడ పక్కన రెండడుగులు ఖాళీ వదిలేశాను. చెత్త కింద ఎలకలు చేరతాయి, ఎలకల కోసం పాములు చేరతాయి. చెయ్యి పెట్టేముందు కట్టెతో కదపడం అలవాటైంది. ఈ సంగతి చల్లటి దేశాలవాళ్ళు రాసిన తోటపని పుస్తకాల్లో ఉండదు.

మొదటి వానాకాలం పెద్ద గింజలవే బాగా వచ్చాయి. అట్టకు కత్తితో గాటుపెట్టి, దోసెడు పెంట వేసి నాటిన గుమ్మడి, ఆనపకాయ, చిక్కుడు. గుమ్మడి తీగ గరిక చేసే పనే చేసింది, నేలంతా కప్పేసింది. అంటే మళ్ళీ గడ్డి మీద గడ్డి నీతే. పుంటికూర గింజ మరీ చిన్నదేం కాదు గనక లేచింది, తోటకూరా మెంతికూరా మాత్రం చెత్త జరిపి, పెంట మెత్తగా నలిపి చల్లితే గాని రాలేదు. దసరా నాటికి అట్ట ఎక్కడుందో వెతికినా కనపడలేదు. అడుగున గరిక వేళ్ళు గోధుమరంగుకు తిరిగి, లాగితే దారాల్లా తెగాయి. గంగవాయిలి ఎక్కడి నుంచో దానంతటదే వచ్చింది. పీకబోతుంటే మా ఆవిడ చెయ్యి పట్టుకుంది, పప్పులో వేస్తానని. అంచుల్లో మాత్రం యుద్ధం ఆగలేదు. పక్క ప్లాటు గరిక రాత్రికి రాత్రే హద్దు దాటుతుంది, దానికి సర్వే నంబర్లు తెలియవు. అంచు వెంబడి జానెడు వెడల్పున దోకి ఉంచడం తప్పలేదు. అదీ ఒకరకంగా తవ్వడమేనంటే కాదనను.

తుంగ దగ్గర మాత్రం సిద్ధాంతం తలవంచుతుంది. ఈశాన్యం మూల పల్లంగా ఉండి నీళ్ళు నిలుస్తాయి, అక్కడ తుంగ గుబురు. దాని మొలక సూదిలా అట్టను పొడుచుకుని పైకి వచ్చింది. పంటలకు పరిచే ప్లాస్టిక్ షీటునే చీల్చుకుని వస్తుంది, అట్ట ఒక లెక్కా? ఎండాకాలంలో పారదర్శకమైన పాలిథిన్ పరిచి నేలను కాలబెట్టమంటారు కొందరు. అది పైగడ్డలకు పనిచేస్తుంది, లోతువి చల్లగా పడుకునే ఉంటాయి. మిగిలింది నీడ ఒక్కటే. తుంగకు ఎండ కావాలి, దట్టమైన నీడలో అది నీరసిస్తుంది. మోరంగడ్డ తీగ ఒత్తుగా పాకిస్తే రెండు మూడేళ్ళలో తగ్గుతుందని నా ఆశ. కూలికి వచ్చే ఆమెకు ఈ ఆశ మీద ఏమాత్రం గురి లేదు. లోతుగా తవ్వి, గడ్డలన్నీ ఏరి, ఎండలో పోస్తే పీడ పోతుందంటుంది. ఒక్క గడ్డ మిగిలినా మళ్ళీ మొదటికొస్తుందక్కా అంటే, "నేను మిగులిస్తనా?" అంటుంది. ఆమె వేళ్ళు చూస్తే నిజంగానే మిగల్చదేమో అనిపిస్తుంది. పుస్తకాల్లో ఉన్నది సగటు తవ్వకం గురించి, ఆమె తవ్వకం గురించి కాదు.

చివరికి ఆ మూలను సగం చేసుకున్నాం. నడుమ తాడు కట్టాం. ఒకవైపు ఆమె గడ్డపార, ఒకవైపు నా అట్టలూ మోరంగడ్డ తీగలూ. నా సగంలో వచ్చే దసరాకు తుంగ తలెత్తితే రోజు కూలి అదనంగా ఇవ్వాలని ముందే మాట తీసుకుంది. నీ సగంలో తలెత్తితే నువ్వేమిస్తావు అని అడిగాను. గంప తలకెత్తుకుంటూ, "నేనేమిస్త సారూ, అది మీ జాగనే గద" అంది.